అమ్మలకీ ఒక యూనిఫాం

కుమాసీలో రైలు గట్టు పక్క బడికి ఈమధ్యే యూనిఫాం మార్చారు. నీలం గౌను, తెల్ల కాలరు. బాగానే ఉందని పేటంతా అంటోంది. అఫువా టివాకి మాత్రం ససేమిరా నచ్చలేదు. పొద్దున్నే వీధి గుమ్మం ముందు పీట వేసుకుని, మొక్కజొన్న జావ ఊదుకుంటూ తాగుతూ, బడికి పోయే పిల్లల్ని ఎగాదిగా చూసి, "ఇదేం రంగే తల్లీ! ఆస్పత్రి దుప్పటి చుట్టుకుని పోతున్నట్టుంది," అంటుంది.

"మీ కాలంలో ఏముందిలే నానమ్మా, మట్టి రంగు!" ఆ పిల్లలూ తక్కువ తిన్నవాళ్ళేం కాదు.

"మట్టి రంగు కాదే మొద్దూ, కోకో గింజ రంగు. పో, పో, గంట కొట్టేస్తారు," అని వాళ్ళని తరిమేసి మళ్ళీ జావ గిన్నె అందుకుంటుంది. అందుకుంటుందే గానీ తాగదు. మనసు అప్పటికే ఎక్కడికో పోయుంటుంది. ఆ కోకో రంగు గౌన్ల రోజులకి, పసుప్పచ్చ కాలర్ల రోజులకి.

కరువు వచ్చి పోయిన కొత్తలవి. జనం మళ్ళీ కర్రపెండలం దంచి కడుపునిండా ఫుఫు ముద్దలు తింటున్నారు, పెళ్ళిళ్ళకీ చావులకీ మళ్ళీ కొత్త గుడ్డలు కొనుక్కుంటున్నారు. టివా అప్పుడు వయసులో ఉన్న మనిషి. రైలు గట్టు కింద రేకుల పాకలో బొగ్గులమ్మేది. మొగుడు ఒపొకు లారీ డ్రైవరు. ఎజురా వైపు నుంచి బొగ్గుల బస్తాలు తెచ్చి పడేసి, ఒక పూట నిద్రపోయి మళ్ళీ పోయేవాడు. మంచివాడే పాపం, కానీ ఇంటి సంగతి ఏదడిగినా "నీ ఇష్టం టివా" అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. బస్తాలు దింపడం, బొగ్గు చితక్కుండా డబ్బాలకెత్తడం, బేరాలాడే వాళ్ళతో నోరు పారేసుకోవడం అంతా ఈవిడ పనే. పొద్దుగూకేసరికి తలకి చుట్టుకున్న గుడ్డ ఏ రంగో ఆవిడకే గుర్తుండేది కాదు. ఇక చేతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. గీతల్లోకి, గోళ్ళ మూలల్లోకి ఎక్కిన నలుపు నిమ్మచెక్క పెట్టి రుద్దినా, ఇసక పోసి తోమినా వదిలేది కాదు.

ఇంత మసిలో బతికే మనిషికి లోకంలో ఒక్కటే పిచ్చి. కూతురు ఫ్రెమా బడి గౌను.

పిచ్చి అంటే అలాంటిలాంటి పిచ్చి కాదు. సాయంత్రం పిల్ల గుమ్మం తొక్కగానే గౌను విప్పించేది. సబ్బు నురుగులో నానబెట్టి, అరచేత్తో తప్ప బండకేసి బాదకుండా ఉతికి, గంజి పెట్టి, నీడలో ఆరేసేది. పొద్దున్నే తన పాకలోని బొగ్గుల్లో పొగరానివి, గట్టివి ఏరుకుని ఇస్త్రీపెట్టెలో పోసి, మడత మీద మడత, మడత మీద మడత. అది చూసి పక్కింటి వాళ్ళు, "ఏం టివా, గౌను తొడుగుతావా, చర్చి గుమ్మానికి కడతావా?" అని వేళాకోళం చేసేవాళ్ళు.

"కడతాను, నీకేం నొప్పి?" అనేది టివా.

ఆ పిచ్చికో కారణముంది. చిన్నప్పుడు టివాకీ, వాళ్ళక్కకీ కలిపి ఒక్కటే గౌను. బళ్ళో పొద్దుటి పూట కొందరికి, మధ్యాహ్నం పూట కొందరికి పాఠాలు జరిగేవి. అక్కది పొద్దుటి పూట. అది ఇంటికొస్తూంటే ఈవిడ సగం దారిలో అరటి తోటలో కాచుక్కూర్చునేది. అక్క చెట్ల చాటున గౌను విప్పి ఇస్తే, ఇంకా అక్క ఒంటి వేడి పోకుండానే తొడుక్కుని పరిగెత్తేది. ఇద్దరూ అక్కడ పడీపడీ నవ్వుకునేవాళ్ళు. ఎంత సరదాగా ఉండేదో! తర్వాత అక్క ఎదిగింది, గౌను చంకల్లో చిరిగింది, ఇద్దరి చదువూ ఒక్కసారే ఆగిపోయింది. అంచేత ఫ్రెమా బళ్ళో చేరిన రోజున టివా పట్టుబట్టి దానికి రెండు గౌన్లు కుట్టించింది. ఆ గౌనులో పిల్ల లైన్లో నిలబడితే డాక్టరు కూతురెవరో, బొగ్గులమ్మి కూతురెవరో దేవుడే దిగొచ్చి చెప్పాలి. టివా ఆనందమంతా అదే.

కానీ ఆ ఆనందానికే ఒక రోజు దెబ్బ తగిలింది.

ఫ్రెమా అయిదో క్లాసులో ఉండగా బడి బహుమతుల పండగ వచ్చింది. లెక్కల్లో బహుమతి దానికే అని ముందే తెలుసు. సరిగ్గా అదే రోజు ఒపొకు లారీ ఆలస్యంగా దిగింది. బస్తాలు దింపుకుని, మొహం మీద ఇన్ని నీళ్ళు కొట్టుకుని, ఉన్న బట్టలతోనే టివా బడికి పరుగు తీసింది. గేటు దగ్గరకొచ్చేసరికి ఫ్రెమా బహుమతి పట్టుకుని స్నేహితురాళ్ళ మధ్య నిలబడుంది. టివా సంతోషం పట్టలేక రెండు చేతులూ ఎత్తి ఊపింది.

"ఎవరే ఆవిడ? నీకే చెయ్యూపుతోంది," అందొక పిల్ల.

ఫ్రెమా ఒకసారి చూసింది. "ఆవిడా? మా ఇంటికి బొగ్గులు వేసే ఆవిడ," అని అటు తిరిగిపోయింది.

గేటుకీ వాళ్ళకీ మధ్య ఎంత దూరముందని! ప్రతి అక్షరం వినపడింది. టివా చేతులు దింపేసుకుంది. వెనక్కి తిరిగి పాకకి వచ్చి, ఎవరో డబ్బా బొగ్గులడిగితే కొలిచిచ్చింది. సాయంత్రం ఎప్పట్లాగే ఫుఫు దంచింది, వేరుశనగ పులుసు కాచింది, పిల్ల పళ్ళెంలో చేపముక్క వేసింది. ఫ్రెమా ఏమీ ఎరగనట్టు, "రాలేదేం అమ్మా?" అనడిగితే, "లారీ వచ్చిందే," అంది. అంతే. మొగుడితో కూడా చెప్పుకోలేదు. చెబితే ఏమంటాడు, "నీ ఇష్టం టివా" అంటాడు. పిల్ల నిద్రపోతుంటే దాని మొహం చూసి, చిన్నపిల్ల, దానికేం తెలుసు అని సర్దిచెప్పుకునేది. పగలు ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం కోపం తన్నుకొచ్చేది. తొమ్మిది నెలలు మోసింది నేను కాదటే, బొగ్గులు వేసే ఆవిడనా నేను! ఆ రోజు నుంచి బడి గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

మరుసటి ఏడు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. "ఈసారి తప్పకుండా రావాలి, యూనిఫాం సంగతి" అని కబురొచ్చింది. యూనిఫాం అనేసరికి టివా కాళ్ళు ఆగలేదు. శుభ్రంగా స్నానం చేసి, చేతులు కొంగులో దాచుకుని, పిల్లల బెంచీల్లో ఆఖరిదాని మీద ఇరుక్కుని కూర్చుంది.

తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు డొంకోర్‌గారు, రిటైరైన స్టేషన్ మాస్టరు. ఎప్పుడు మాట్లాడినా రైలు పోనిస్తున్నట్టు చెయ్యెత్తి మొదలుపెడతారు. ఆయన చెయ్యెత్తీ ఎత్తకముందే ఆంటీ పొకువా లేచింది. పొకువా అంటే పెద్ద మార్కెట్లో గుడ్డల కొట్టు. మనిషి నిండుగా ఉంటుంది, నోరు అంతకంటే నిండు.

"నేనొకటి అడుగుతానయ్యా. ఈ కోకో రంగు ఇంకెన్నాళ్ళు? ప్రైవేటు బడి పిల్లలు గళ్ళ గౌన్లలో సీతాకోకచిలకల్లా ఎగురుతుంటే, మన పిల్లలు గోనెసంచుల్లా పోతున్నారు. అసలు యూనిఫామే తీసేద్దాం. ఎవరికున్నది వాళ్ళు తొడుక్కుంటారు."

"నీకేం తల్లీ, కొట్టులో తానులకి తానులున్నాయి. నా నలుగురికీ పొద్దున్నే బట్టలెక్కడ వెతకను?" అందొక ఆవిడ.

"మా వాడికి గౌను ఉంటేనే... ఛ, నిక్కరుంటేనే బడికని గుర్తు. లేకపోతే బంతాటకే పోతాడు," అన్నాడొక మేస్త్రీ. అందరూ ఘొల్లున నవ్వారు.

"యూనిఫాం వేసుకున్నంత మాత్రాన అందరూ ఒకటైపోతారా? బూట్లు చూస్తే తెలీదూ?" అంది పొకువా.

"ఎందుకు కారు?" అని వెనకనుంచి గొంతొచ్చింది. అందరూ తిరిగి చూశారు. టివా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆవిడకే తెలీదు. లేచాక ఇక కూర్చోవడమెలాగ? "పిల్లలు ఒకటవుతారు. నేను రోజూ చూస్తాను. గౌను తొడిగాక నా పిల్ల ఏ ఇంటిదో నాకే గుర్తు తెలీదు. బయటపెట్టేది మనమే. బహుమతుల పండక్కి మనమొస్తామే, అప్పుడు తెలిసిపోతుంది, ఎవరమ్మ సిల్కు, ఎవరమ్మ చింపిరి. యూనిఫాం పిల్లలకే ఎందుకు? పెద్దవాళ్ళకీ పెట్టండి."

మగవాళ్ళలో ఎవరో నవ్వారు. కానీ ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. కుమాసీ ఆడవాళ్ళకి కొత్త గుడ్డ మాట చెవినపడ్డాక ఇంకేం వినపడుతుంది! చర్చి పాటల బృందానికి ఒక గుడ్డ, టమాటాలమ్మే వాళ్ళ సంఘానికి ఒక గుడ్డ, చావింట్లో బంధువులందరికీ ఒక గుడ్డ. మరి బడికి ఇన్నాళ్ళూ ఎందుకు లేదు? ఎంత తెలివితక్కువతనం! క్షణాల్లో గోల మొదలైంది. పిల్లల గౌను రంగు అలాగే ఉండాలి, అమ్మానాన్నలకి అదే రంగులో పువ్వుల గుడ్డ రావాలి. పొకువా అయితే అంతవరకూ తను మాట్లాడిందంతా తనే మర్చిపోయి, "నా కొట్లో ఉంది, అచ్చం ఇదే కోకో రంగు, కళ్ళలాంటి పసుప్పచ్చ పువ్వు. చవగ్గా ఇస్తాను," అంది. డొంకోర్‌గారు స్వయంగా పోయి చూసి, "భేషుగ్గా ఉంది, కట్టేయండి," అన్నారు.

ఇక్కడ జరిగింది అసలు తమాషా. మా ఊళ్ళో గుడ్డకి రంగూ పువ్వూ మాత్రమే కాదు, పేరు కూడా ఉంటుంది. మార్కెట్టు ఆడవాళ్ళు పెట్టిన పేరు. ఏ గుడ్డ కడితే ఎవరికి ఏం చెప్పినట్టో ఆడదానికి తెలుస్తుంది, మగవాడికేం తెలుస్తుంది? మూటలు బళ్ళోకొచ్చి విప్పగానే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పొట్టలు పట్టుకుని బెంచీల మీద పడిపోయారు. ఆ గుడ్డ పేరు "సవతి కళ్ళల్లో కారం." మొగుళ్ళతో గొడవెందుకని ఎవరూ కొనక పొకువా కొట్లో మూలుగుతున్న సరుకది! పైగా డొంకోర్‌గారికి ఇద్దరు పెళ్ళాలు. ఆయన ఆ గుడ్డతో చొక్కా కుట్టించుకుని ఇంటికి పోయేసరికి పెద్దావిడ ఒక గది తలుపేసుకుంది, చిన్నావిడ ఇంకో గది తలుపేసుకుందిట.

"ఎంత పని చేశావు పొకువా!" అని ఆయన లబోదిబోమంటే, "రంగు చూసి మీరే కట్టేయమన్నారు కదయ్యా, నేనేమైనా బలవంతం చేశానా?" అందా మహాతల్లి.

అప్పటికే గుడ్డంతా కోసేశారు, ఇక వెనక్కిచ్చేదెలా? అదే ఖాయమైంది.

టివా కూడా కుట్టించుకుంది. జబ్బల దగ్గర పొంగులున్న రవికె, కింద చుట్టుకునే గుడ్డ, తలకి అదే గుడ్డ. ఇంట్లో మొదటిసారి కట్టుకుని నిలబడితే ఫ్రెమా చుట్టూ తిరిగి చూసింది. పిల్ల మొహం వెలిగిపోయింది.

"అమ్మా! ఎంత బాగున్నావో! ఈసారి పండక్కి నువ్వు రావచ్చమ్మా. ఇందులో నిన్నెవరూ గుర్తుపట్టరు!"

ఎంత ముద్దుగా అంది! ఎంత గట్టిగా తగిలింది! ఇదే కదా తను కోరుకుంది? మీటింగులో నిలబడి అడిగి మరీ తెచ్చుకుంది కదా? తీరా చేతికొచ్చాక, మరి ఈ బాధెందుకు? ఎవరూ గుర్తుపట్టకపోతే రావచ్చు. ఎవరైనా గుర్తుపడితే రాకూడదు. టివా తలగుడ్డ విప్పి మడత పెడుతూ, "సరేలేవే, వస్తాను," అంది. వెళ్ళకూడదనుకుంది. మళ్ళీ, వెళ్ళకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుందనుకుంది. తల్లి మనసంత సిగ్గులేనిది ఇంకోటి లేదు. పండగ నాడు వెళ్ళింది.

బడి ఆవరణలో షామియానా వేశారు. దాని కింద కోకో రంగు సముద్రం. డాక్టరమ్మ, మొక్కజొన్న కెంకే ఉండలమ్మే ఆవిడ, టీచర్ల భార్యలు, మేస్త్రీ పెళ్ళాం, అందరూ సవతి కళ్ళల్లో కారం కొట్టడానికి వరసగా కూర్చున్నారు. డొంకోర్‌గారు ఇద్దరు పెళ్ళాలకీ అందనంత దూరంలో కుర్చీ వేసుకున్నారు. టివా నాలుగు వరసల వెనక, పొకువా పక్కన, తల దించుకుని, చేతులు ఒళ్ళో గుడ్డ కింద పెట్టుకుని కూర్చుంది.

లెక్కలు, ఇంగ్లీషు, పరుగు పందెం, అన్నీ అయ్యాయి. హెడ్మిస్ట్రెస్ మేడమ్ సెనయా మైకు ముందుకొచ్చారు.

"ఈ ఏడాది ఒక కొత్త బహుమతి. బళ్ళో అందరికంటే శుభ్రంగా యూనిఫాం వేసుకొచ్చిన పిల్లకి. ఫ్రెమా ఒపొకు!"

ఫ్రెమా మెట్లెక్కి నిలబడింది. మేడమ్ పిల్లని భుజాలు పట్టి తిప్పి అందరికీ చూపించారు.

"చూడండి ఈ మడతలు! కత్తిలా కోస్తాయి. ఇది పిల్ల గొప్పా, తల్లి గొప్పా? ఫ్రెమా వాళ్ళమ్మగారూ, ఒకసారి పైకి రావాలి!"

ఎవరూ లేవలేదు. ఆడవాళ్ళంతా పక్కకి చూసుకున్నారు. అందరూ ఒకలాగే ఉంటే ఎవరని తెలుస్తుంది?

"లేవవేం టివా?" అని పొకువా మోచేత్తో పొడిచింది.

"నేను పోను."

"పిచ్చేమైనా పట్టిందా? పిల్ల అక్కడ ఒంటరిగా నిలబడితే!"

"నన్నొదిలెయ్ పొకువా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నేనెవరో తెలిస్తే దానికి చిన్నతనం."

పొకువా నోరు పెద్దదే గానీ మనసూ పెద్దదే. పిల్లని అలా వదిలేస్తారా ఎవరైనా? ఏ పిల్ల గెలిచినా ఏ తల్లయినా పోయి మెచ్చుకోలుగా మెడకి తెల్ల పౌడరు రాయొచ్చు, మాలో తప్పు లేదు. ఆవిడ సంచిలోంచి పౌడరు డబ్బా తీసి, గుడ్డ సవరించుకుని, రాణీగారిలా నడుచుకుంటూ వేదిక ఎక్కింది. ముందు వరసలో ఫ్రెమా స్నేహితురాళ్ళు, "మీ అమ్మ ఎంత బావుందే!" అని గుసగుసలాడారు.

"మీరేనా అమ్మా, పిల్ల తల్లి?" అని మేడమ్ మైకులోనే అడిగారు.

పొకువా నవ్వి నోరు తెరిచింది. తలూపితే అయిపోయేది. ఫ్రెమాకి ఇంతకంటే ఏం కావాలి! మెడలో పూసలు, వేళ్ళకి ఉంగరాలు, అందరూ మెచ్చుకునే తల్లి. కానీ వేరే మనిషి వచ్చి తన తల్లి జాగాలో నిలబడేసరికి ఆ పిల్లకి ప్రాణం విలవిల్లాడిపోయింది. చూస్తూ చూస్తూండగా కళ్ళు నిండిపోయాయి.

"కాదు!" అని అరిచింది. మైకు కీచుమంది. "ఈవిడ కాదు! ఈవిడ గుడ్డలమ్ముతుంది. మా అమ్మ బొగ్గులమ్ముతుంది. రైలు గట్టు కింద!"

ఫ్రెమా ఒక్క గెంతులో మెట్లు దిగి, వరసల మధ్యన పడింది. ఇటు చూస్తే కోకో రంగు, అటు చూస్తే కోకో రంగు.

"అమ్మా! ఎక్కడున్నావమ్మా? అమ్మా!"

టివా లేచింది. కాళ్ళు వాటంతటవే లేచాయి. పిల్ల పరిగెత్తుకొచ్చి నడుముని వాటేసుకుని, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కేకలేస్తూ, పాటలందుకుంటూ లేచారు. ఎవరిదో పౌడరు డబ్బా చేతులు మారి మారి టివా దగ్గరకొచ్చింది. అరచేతిలో ఇంత పోశారు. తెల్లటి పౌడరు కింద, గీత గీతలోనూ ఆ నలుపు. టివా ఆ చెయ్యి కూతురి మెడ దాకా తీసుకొచ్చి, పసుప్పచ్చ కాలరు చూసి, ఆగిపోయింది.

"వద్దే, నా చేతి మసి గౌనుకంటుకుంటుంది," అంది.

ఫ్రెమా ముక్కు ఎగబీల్చి, కాలరు తనే పక్కకి లాగి, మెడ ముందుకు చాపింది.

"అంటుకోనీ అమ్మా. రేపు ఎలాగూ నువ్వే ఉతుకుతావుగా."